నాయనమ్మ సీరియస్

ఇది ఒక మహాకావ్యం. ముందే చెబుతున్నాను, సర్దుకుని కూర్చోండి. ఇందులో యుద్ధం ఉంది. రెండు సముద్రాలు ఉన్నాయి. ఎడారి ఉంది, ఆకాశంలో క్షిపణులు ఉన్నాయి. అలల మధ్య ఒక ద్వీపం, ఆ ద్వీపంలో భర్త కోసం ఎదురుచూసిన ఒక స్త్రీ, ఇల్లు చేరలేకపోయిన ఒక గ్రీకు యోధుడు, అందరూ ఉన్నారు.

ఇక నిజం చెబుతాను. యుద్ధాన్ని నేను క్యాంపు మెస్సులో పప్పన్నం కలుపుకుంటూ టీవీలో చూశాను. రెండు సముద్రాల్లో ఒకదాని ఒడ్డున బనియన్లు ఆరేసుకున్నాను, రెండోదాంట్లో వాంతి చేసుకున్నాను. గ్రీకు యోధుడు నూనె ట్యాంకులకు రంగులు వేయించే ఫోర్‌మన్. ఆయన ఆయుధాలు బీపీ మాత్రలు, మోకాళ్ళకు రాసుకునే ఆయింట్‌మెంటు. కాబట్టి ఇది కావ్యం కాదు. ఒక అబద్ధం కథ. అబద్ధం నాది.

సౌదీలో ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్ అనే ఊళ్ళో పెద్ద రిఫైనరీ ఉంది. అక్కడ ట్యాంకుల పని చేసే ఒక గ్రీకు కాంట్రాక్టు కంపెనీలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. తెనాలి పక్క పల్లె నుంచి వెళ్ళాను. నాకు ఇరవై నాలుగేళ్ళు, నాతో పాటు క్యాబిన్‌లో ఉన్న ఫోర్‌మన్‌కు యాభై తొమ్మిది. గురక భరించలేక తోటి గ్రీకులు వెళ్ళగొడితే నా గదిలోకి వచ్చిపడ్డాడు. క్యాంపులో తెలుగువాళ్ళందరం ఆయన్ని తాత అనేవాళ్ళం. అర్థం చెప్పాక కొంచెం ఆలోచించి, "పర్లేదు, ఇంట్లో ఇంకా ఎవరూ అలా పిలవడం లేదు" అన్నాడు. ఆయనకొచ్చిన సగం ఇంగ్లీషు, నాకొచ్చిన సగం ఇంగ్లీషు కలిపితే ఒక ఇంగ్లీషు అయ్యేది. దాంతోనే మూడేళ్ళు గడిపాం.

తాతది సీరోస్ అనే దీవి. కుర్రతనంలో ఓడల మీద తిరిగాడు, తర్వాత ఆ ఊరి ఓడల మరమ్మతు కార్ఖానాలో వెల్డింగు చేశాడు. పని తగ్గిపోయాక ఎడారికి వచ్చాడు. నాలుగు క్రిస్మస్‌లు ఇంట్లో లేడు. ఐదో ఏడు తప్పకుండా వస్తానని భార్యకు మాట ఇచ్చాడు. ఆమెకు ఆకుపచ్చ శాలువా కొని, అక్టోబరులోనే పెట్టె సర్ది మంచం కింద పెట్టుకున్నాడు. రోజూ పొద్దున ఆ పెట్టెను కాలితో తాకి చూసుకుని డ్యూటీకి వెళ్ళేవాడు.

అది కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చిన సంవత్సరం. మేమున్నది దేశానికి ఇటు చివర, గొడవ జరిగేది అటు చివర. అయినా భయం అందరికీ సమానంగా పంచారు. సెలవులు తగ్గించేశారు. మా సెక్షను మొత్తానికి డిసెంబరులో ఒక్కరికే ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే వెళ్ళి తిరిగి రావడానికి పాస్‌పోర్టు మీద ముద్ర. ఆ ఒక్కరూ తాత.

నాకూ వెళ్ళాలని ఉంది. గొప్ప కారణమేమీ లేదు. క్రిస్మస్ రోజున రాబిగ్‌లో మామూలుగా పనికి వెళ్ళాలి. రెండేళ్ళు అలాగే వెళ్ళాను. మా ఊరి క్యారల్స్ జట్టులో డోలక్ నాది. నేను లేని రెండేళ్ళూ దాన్ని మా మేనమామ కొడుకు వాయించాడని తెలిసి అన్నం సహించలేదు. యుద్ధాలు ఇంతకంటే చిన్న కారణాలకు జరుగుతాయని విన్నాను.

గల్ఫ్‌లో సెలవు దొరకనివాడికి ఒకటే మందు. ఇంటి నుంచి టెలిగ్రామ్ రావాలి. ఫలానా వాళ్ళకు సీరియస్, వెంటనే బయలుదేరు. ఈ విద్యలో మా క్యాంపు గురువు కంపెనీ బస్సు డ్రైవరు. కడప మనిషి, మేమంతా భాయ్ అనేవాళ్ళం.

"అమ్మకు సీరియస్ అని ఇప్పించమని మా బావకు ఉత్తరం రాస్తాను భాయ్," అన్నాను.

"వద్దుబ్బా! అమ్మను పెట్టొద్దు," అన్నాడు స్టీరింగు తుడుస్తూ. "బతికుండే మనిషి పేరు పెట్టి అట్లాంటిది రాపిచ్చినావంటే కీడు. యాడన్నా నిజమైందనుకో, బతికినన్నాళ్ళూ ఏడుస్తాంటావు. పైగా మేనేజరు ఈ యేడు శానామంది అమ్మల్ని సూసినాడు."

"నాన్న?"

"మీ నాయన మాత్రం బతికిల్యా? పోయినోళ్ళు ఎవురూ ల్యారా మీ ఇంట్లో?"

"నాయనమ్మ పోయింది. ఆరేళ్ళయింది."

"ఇంగేమబ్బా మరి! ఆయమ్మను పెట్టు. పోయినామెకు కొత్తగా వచ్చే కీడేముంటాది? ఎవురికీ తగల్దు. సేఫ్టీ ఫస్ట్."

మా సైటులో ప్రతి గోడ మీదా రాసి ఉండే మాట అది. మాకు బాగా నచ్చింది. ఆరేళ్ళ కిందట సమాధి చేసిన మా నాయనమ్మను లేపి, మంచాన పడేశాం.

టెలిగ్రామ్ వచ్చింది. మేనేజరు చదివి, ముద్ర ఒక్కటే ఉంది, అది ఫోర్‌మన్‌ది, నేనేమీ చేయలేను అన్నాడు. అయిపోయిందిలే అనుకుని క్యాబిన్‌కి వచ్చి కాగితం బల్ల మీద పడేశాను. నిజానికి నా మొహంలో ఉన్న దుఃఖం డోలక్ గురించి.

తాత దాన్ని తీసుకుని చదివాడు. కళ్ళజోడు తీశాడు. మంచం మీద కూర్చున్నాడు.

"నన్ను పెంచింది మా నాయనమ్మే," అన్నాడు. "ఆవిడ పోయినప్పుడు నేను జపాన్ దగ్గర ఓడలో ఉన్నాను. వంటవాడు వచ్చి చెప్పాడు. వంటవాడు చెప్పాడు నాకు."

లేచి బూట్లు వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. పావుగంటలో తిరిగొచ్చాడు. "నీ పేరు రాయించాను. నాది జనవరికి మార్చారు. మా ఆవిడ క్రిస్మస్‌ను నెల ఆగమని చెబుతుంది, ఆవిడ మాట అందరూ వింటారు."

అప్పుడే నిజం చెప్పాల్సింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. తెరిచిన నోటితో "థాంక్యూ తాతా" అన్నాను.

ఊళ్ళో క్రిస్మస్ బాగా జరిగింది. అది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, బాగానే జరిగింది. మా ఊరి జట్టుకు ఒక పద్ధతి ఉంది. ఆ ఏడాది ఎవరింట్లో మనిషి పోతే ముందు ఆ ఇంటికి వెళతాం. డోలక్ పక్కన పెట్టి ఒక్క పాట మెల్లగా పాడి, ప్రార్థన చేసి, తర్వాతే మిగతా ఊరు. ఆ ఏడు అలాంటి ఇళ్ళు రెండు. ఆ రెండు ఇళ్ళ ముందూ నేను ఊరికే చేతులు కట్టుకుని నిలబడ్డాను, మనసులో మాత్రం తరువాతి ఇంటి దగ్గర వాయించబోయే దరువు వేసుకుంటూ.

జనవరిలో తిరిగి వెళ్ళేసరికి క్యాబిన్ కిటికీకి దుప్పటి కట్టి ఉంది. లోపల బల్ల మీద ఒక ఓడ. వెల్డింగు రాడ్లు వంచి, అతికించి చేసిన జానెడు ఓడ, దాని తీగలకు ఏడు టార్చిలైటు బల్బులు. వాళ్ళ దీవుల్లో క్రిస్మస్‌కు చెట్టు కంటే ఓడే ముఖ్యమట. సముద్రం మీదున్న మగవాళ్ళు తిరిగి రావాలని ఇంట్లో ఓడను దీపాలతో అలంకరిస్తారు. ఆ దేశంలో క్రిస్మస్ చేస్తూ దొరికితే తంటా కాబట్టి, బయటికి కనబడకుండా దుప్పటి కట్టుకుని, ఒక్కడూ కూర్చుని వెలిగించుకున్నాడు. నాకు చూపించాలని తీయకుండా ఉంచాడు. బ్యాటరీ అప్పటికే నీరసపడి, బల్బులు నారింజ రంగులో మినుకుమంటున్నాయి.

"నాయనమ్మ?" అని అడిగాడు.

"బాగుంది," అన్నాను. సరిపోతుందనుకున్నాను. కానీ నాకు హాస్యం వచ్చు కదా, ఆగలేకపోయాను. "నన్ను చూసి లేచి కూర్చుని, గారెలు అడిగింది."

తాత నన్ను పట్టుకుని ఏడ్చాడు. ఆయన గడ్డం నా చెవికి గుచ్చుకుంది. ఆ రోజుకు అంతకన్నా నొప్పి తెలియలేదు.

మూడు రోజులకు యుద్ధం మొదలైంది. విమానాలు ఆగిపోయాయి, సెలవులన్నీ రద్దు. గ్యాస్ మాస్కులు ఇచ్చారు, భాయ్ గడ్డానికి ఏ సైజూ పట్టలేదు. "నన్ను అల్లా సూసుకుంటాడు, మిమ్మల్ని రబ్బరు సూసుకుంటాది" అన్నాడు. తాత మాత్రం రోజూ పొద్దున పెట్టెను కాలితో తాకుతూనే ఉన్నాడు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, టీ టైములో, బోర్లించిన రంగు డ్రమ్ము మీద కూర్చుని ఉన్నాడు. గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. ఒక్క నిమిషం ఆగండి అన్నట్టు చెయ్యి ఎత్తాడు. మేం ఆగాం. ఆయనే ఆగలేదు.

గుండె అన్నారు. కాగితాలు, కఫీల్ అనే అక్కడి పూచీదారు సంతకం, విమానం, అన్నీ కుదిరి మనిషి ఊరు చేరేసరికి వసంతం వచ్చింది. పెట్టె కూడా ఆయనతోనే వెళ్ళింది. శాలువా ఎలాగూ మడత పెట్టే ఉంది. ఓడ మాత్రం నా బల్ల మీద ఉండిపోయింది, ఎవరి లిస్టులోనూ లేదు కాబట్టి.

"పోయినామెను పెడితే ఎవురికీ తగల్దనుకుంటిమి," అన్నాడు భాయ్ చాలా రోజుల తర్వాత, బస్సులో, రోడ్డు మీదే చూస్తూ. "తగిలిందిబ్బా. యాడో వేరే ఇంట్లో తగిలింది."

ఆ మాటకు నా దగ్గర జోకు లేదు. ఆ ఏడాదంతా వెతికాను, దొరకలేదు.

డిసెంబరు వచ్చింది. ట్యాంకుల డ్రాయింగులు సరిచూడటానికి నన్ను రెండు వారాలు గ్రీసు పంపారు, పిరేయస్ అనే ఓడరేవు ఊళ్ళో ఉన్న హెడ్డాఫీసుకి. ఓడను టవల్లో చుట్టి తీసుకెళ్ళాను. జిద్దా విమానాశ్రయంలో అధికారి దాన్ని ఎత్తి పట్టుకుని, ఇదేమిటి అని అడిగాడు. "ఓడ" అన్నాను. ఆయనకూ ఓడలాగే కనిపించింది. వదిలేశాడు.

పిరేయస్ నుంచి సీరోస్‌కు పొద్దున ఎనిమిదింటికి పడవ. పడవ అంటున్నాను గానీ, లారీలు లోపలికి వెళ్ళిపోయేంత ఓడ. పండగకు ఇళ్ళకు వెళుతున్న సిపాయి కుర్రాళ్ళు, మిఠాయి డబ్బాలు, పక్క సీట్లో ఒకావిడ ఒళ్ళో బతికున్న కోడి. అందరూ ఇంటికి వెళుతున్నారు, కోడి తప్ప. నేను రాబిగ్‌లో కొన్న కోటు వేసుకున్నాను. రాబిగ్‌లో కోటు తయారుచేసినవాడు చలి గురించి ఎవరో చెబితే విన్నవాడు.

నా పని ఒక్కటే. తాత భార్యకు ఓడ ఇచ్చి, నిజం చెప్పాలి. మీ ఆయన ఆ క్రిస్మస్‌కు ఇంటికి రాకపోవడానికి కారణం నేను, మా నాయనమ్మ కాదు అని. అది చెప్పకుండా నేను బాగుపడనని తెలుసు. డెక్ మీద నిలబడి ఇంగ్లీషులో వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. మొదటి వాక్యం, నేను అబద్ధం చెప్పాను. రెండో వాక్యం దగ్గర గాలి లేచింది. ఐదు గంటల ప్రయాణంలో రెండో వాక్యం పూర్తి కాలేదు, పొద్దున తిన్న రొట్టె కూడా లోపల మిగల్లేదు. ఒక సిపాయి జాలిపడి నిమ్మకాయ ఇచ్చాడు, వాసన చూడమని. నేను తినేశాను.

ఎర్మూపోలి అనే ఆ ఊరు కొండకు అతికించినట్టుంటుంది. రేవు నుంచే వీధులకు పాలరాయి పరిచారు, వానకు తడిసి జారుతుంది. మిఠాయి దుకాణాల్లోంచి దాల్చినచెక్క, లవంగం, తేనె వాసన. పురపాలక భవనం ముందున్న పెద్ద చౌకులో చెక్క ఓడ నిలబెట్టి, తెరచాప తాళ్ళ వెంట దీపాలు వేలాడదీశారు. తాత చేసినలాంటిదే, కాకపోతే బ్యాటరీ బెంగ లేదు. వీధి తలుపుల మీద దానిమ్మకాయలు కట్టి ఉన్నాయి. కొత్త సంవత్సరానికి గడపలో పగలగొడతారట, గింజలు ఎంత దూరం చెదిరితే అంత మంచిదట.

ముందే ఉత్తరం రాశాను కాబట్టి రేవుకు తాత కూతురు వచ్చింది. బళ్ళో ఇంగ్లీషు చెప్పే టీచరు, ముప్పై ఏళ్ళుంటాయి, నల్ల కోటు. ఆ రాత్రికి రేవు పక్కన ఒక గది చూపించి, మర్నాడు పొద్దున్నే వచ్చి ఇంటికి తీసుకెళ్ళింది. క్రిస్మస్ ముందు రోజు. పండగ రోజు పడవలు తిరగవు కాబట్టి మధ్యాహ్నమే నేను తిరిగి ఎక్కాలి.

మెట్లెక్కి వెళ్ళాం. వీధిలో ఆ ఒక్క తలుపు మీదే దానిమ్మకాయ లేదు.

తాత భార్య పొట్టిగా, నల్ల బట్టల్లో ఉంది. చేతులు మాత్రం పెద్దవి. ఆమె మాటలు కూతురు ఇంగ్లీషులో చెబుతుంటే కూర్చున్నాను. ఓడ బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, దీపాలు చూడలేదు, తెరచాప చూడలేదు. తిరగేసి అడుగు చూసింది. అతుకుల మీద బొటనవేలు రాసింది.

"తొందరలో చేశాడు అంటోంది," అంది కూతురు. "ఇంత వంకరగా ఎప్పుడూ అతికేవాడు కాదట."

కొత్త బ్యాటరీ పెట్టి వెలిగించాను. ఏడింట్లో ఆరు వెలిగాయి. ఆమె ఏడోదాన్ని గోటితో తట్టింది. వెలగలేదు.

ఇదే సమయం, చెప్పు, అనుకున్నాను. తలుపు చప్పుడైంది.

పిల్లలు. నలుగురు, చేతుల్లో ఇనప త్రికోణాలు, ఊచతో కొట్టి పాడటానికి. వాళ్ళకూ ఇంటింటికీ తిరిగి పాడే పద్ధతి ఉంది, కాకపోతే మనలా చెప్పకుండా మొదలుపెట్టరు. గుమ్మంలో నిలబడి, "చెప్పమంటారా?" అని అడుగుతారు. చెప్పండి అంటేనే పాట. ఆమె తల అడ్డంగా ఊపి, చిల్లర చేతుల్లో పెట్టి పంపేసింది.

"మనిషి పోయిన ఏడాది పాడించుకోం," అంది కూతురు. "మీ దగ్గర?"

"మా దగ్గర ముందు ఆ ఇంటికే వెళతారు," అన్నాను. "ఒక్క పాట. మెల్లగా."

ఆమె తల్లికి చెప్పింది. తల్లి నన్ను కాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చింది. తాత ఉత్తరం. చదవకుండానే, వేలు పెట్టి ఒక చోటు చూపించింది. ఆ చోటు నలిగి పలచబడి ఉంది.

"మీ నాయనమ్మ ఎలా ఉన్నారు అని అడుగుతోంది," అంది కూతురు. "నాన్న రాశాడు, కుర్రవాడికి నాయనమ్మ ఉంది, నాకు దొరకనిది వాడికి దొరకాలి అని. అమ్మ అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చిలో ఆవిడ కోసం ఒక కొవ్వొత్తి వెలిగిస్తోంది. బతికారా?"

నా దగ్గర మొదటి వాక్యం సిద్ధంగా ఉంది. మూడు ముక్కల వాక్యం. పడవలో వందసార్లు అన్నాను.

"బాగుంది," అన్నాను.

తల్లి కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి అడ్డంగా, నిలువుగా తిప్పుకుంది. వయసెంత అని అడిగింది. ఎనభై రెండు అన్నాను. పళ్ళున్నాయా అని అడిగింది. లేవు అన్నాను, అది నిజమే అయి ఉండాలి. అయితే ఇది తినగలదు అని, ఆ ఊరి మెత్తటి మిఠాయి, పంచదార పొడి చల్లినది, తెల్ల అట్టపెట్టెలో పెట్టి దారంతో కట్టింది. రెండు ముళ్ళు వేసింది, దూరం కదా అని.

మళ్ళీ తలుపు చప్పుడు. ఈసారి ముగ్గురు. "చెప్పమంటారా?"

ఆమె నావైపు చూసింది. తర్వాత వాళ్ళవైపు తిరిగి, చెప్పండి అంది.

పాడారు. దేవదూతలు పాడినట్టుందని రాయవచ్చు గానీ, ఆ దూతల్లో ఒకడికి జలుబు. చిన్నవాడి త్రికోణం పాటకు సంబంధం లేకుండా మోగుతోంది. డోలక్ వాయించేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, ఒక్క దెబ్బా తాళంలో పడలేదు. ఆమె తలుపు చట్రం మీద చెయ్యి పెట్టి, చివరిదాకా కదలకుండా నిలబడి విన్నది. ఆ పాట ఆ ఇంట్లోకి రావడానికి ఆధారం మా నాయనమ్మ. బతికి, లేచి కూర్చుని, గారెలు అడిగిన నాయనమ్మ. ఇక ఆ ముసలమ్మను మళ్ళీ చంపడం నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం కూతురు రేవు దాకా వచ్చింది. పడవ అప్పటికే ఆనుకుంది, మిఠాయి బుట్టలవాళ్ళు ఎక్కి దిగుతున్నారు. ఒంటి చేత్తో అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చెప్పాను. టెలిగ్రామ్, భాయ్ సలహా, డోలక్, ఆరేళ్ళ కిందటి సమాధి, అన్నీ. సిద్ధం చేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ వాడలేదు, ఎలా వస్తే అలా.

ఆమె నా చేతిలోని అట్టపెట్టె వైపు, దాని రెండు ముళ్ళ వైపు చూసింది.

"అంటే అమ్మ కొవ్వొత్తులు..."

"అవును."

నవ్వు లాంటిది ఒకటి వచ్చి, సగంలో ఆగిపోయింది. మొహం తిప్పుకుని సముద్రం చూసింది. "ఆ ఉత్తరం చదువుకునే అమ్మ తట్టుకుంది," అంది. "నాన్న ఊరికే ఆగిపోలేదు, ఒక మనిషి కోసం ఆగాడు అని."

"ఆవిడకు చెబుతారా?"

పడవ కూత వేసింది. ఆమె చెయ్యి చాచింది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మిఠాయి వెనక్కి ఇవ్వబోయాను.

"అది కాదు. టికెట్."

ఇచ్చాను. రెండు వైపులా చూసి తిరిగి ఇచ్చింది.

"డెక్ టికెట్," అంది. "ఎడమవైపు కూర్చోండి. తిరిగి వెళ్ళేటప్పుడు గాలి కుడివైపు నుంచి వస్తుంది."

ఎడమవైపు కూర్చున్నాను. ఆమె చెప్పింది నిజమే. కుడివైపు బెంచీలు పిరేయస్ దాకా తడుస్తూనే ఉన్నాయి.